అడక్కుండా ఎక్కించిన విండోస్

తిరిగే కుర్చీ మా ఆయనకిచ్చాడు, నాకు ప్లాస్టిక్ స్టూలు వేశాడు. కొనేది నేను. ఆ మాట గుమ్మంలోనే చెప్పాం, చెప్పింది కూడా మా ఆయనే, 'మేడమ్ కే లియే లాప్‌టాప్ చాహియే' అని. అది విని చోప్డా, అంటే ఈ కొట్టు యజమాని, నా వంక ఒకసారి చూసి తల పంకించి, ఆపైన మాటంతా ఆయనతోనే పెట్టుకున్నాడు. దర్జీ దగ్గరికి తీసుకొచ్చిన చిన్నపిల్లలా కూర్చున్నాను, కొలతలు నావి, బేరం వాళ్ళది. మేడమ్ ఏం చేస్తారు సార్, మెయిలు చూసుకుంటారా, వంటలా, ఫొటోలా అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపు మా ఆయన 'థోడా టైపింగ్ కర్తీ హై' అనేశారు. కాస్త టైపింగు. చంటిపిల్లకి పాలు పట్టే తీరు దగ్గర్నుంచి, పొలంలో మందు కొట్టేవాడు మొహానికి గుడ్డ ఎలా కట్టుకోవాలో దాకా, ఢిల్లీలో కూర్చుని ఇంగ్లీషులో రాసే శిక్షణ పుస్తకాలని అక్కడ అంగన్‌వాడీ అమ్మాయిలకి అర్థమయ్యే తెలుగులోకి మార్చి పంపించేది నేను. ఆ అమ్మాయిలు నన్నెప్పుడూ చూడరు, వాళ్ళ చేతుల్లో మాత్రం నా వాక్యాలుంటాయి, అది కాస్త టైపింగు. ఈయన మంత్రిత్వశాఖలో అండర్ సెక్రటరీ, పొద్దున్నించి సాయంత్రం దాకా ఫైళ్ళ మీద 'చర్చించండి' అని రాసి పక్కన పొడి అక్షరాలు పెడతారు, దాన్నెవరూ కాస్త సంతకాలు అనరు.

చోప్డా ముందు ఎర్రది తీశాడు. లిప్‌స్టిక్ రంగు, మూత మీద తీగలూ పువ్వులూ, 'లేడీస్ బహుత్ పసంద్ కర్తీ హై' అన్నాడు, ఆడవాళ్ళకి తెగ నచ్చుతుందట. ఆ పువ్వులు చూస్తే గృహప్రవేశాల్లో పంచే స్టీలు డబ్బాలు గుర్తొచ్చాయి, అవి మా అటక మీద ఓ బస్తాడున్నాయి. నేను 'లినక్స్ వాలా దిఖాయియే' అన్నాను, విండోస్ బదులు లినక్స్ ఎక్కించి ఉన్నది చూపించమని. చోప్డా మొహం విచ్చుకుంది, మా ఆయన వైపు తిరిగి 'మేడమ్ బడీ సమఝ్‌దార్ హై సర్' అన్నాడు. మేడమ్ తెలివైనవారట. మా ఆయన నవ్వారు, మాతో వచ్చిన శేషగిరి గారూ నవ్వారు, ఎందుకు నవ్వారో తెలీకపోయినా ఆ మెప్పుకి నేనూ లోపల్లోపల కాస్త పొంగాను. నల్లది తెచ్చాడు, మెరుపు లేదు, బరువుగా ఉంది, మీటలు లోతుగా దిగుతున్నాయి, వేళ్ళు పెట్టి చూసి ఇది ఇవ్వమన్నాను. టెస్ట్ చేసి ఇస్తాం, పాంచ్ మినట్, అని అద్దాల గదిలోకి పంపించాడు. లోపల రావత్ అనే మనిషి, కళ్ళజోడు నెత్తి మీదికి తోసుకుని, వీపు ఇటు పెట్టి కూర్చున్నాడు. మగాళ్ళిద్దరూ ఛోలే కుల్చే తినొస్తామని కిందికి దిగారు. సంచీ చూసుకో అన్నారు. సంచీ చూసుకుంటున్నాను. నెహ్రూ ప్లేసులో శనివారం మధ్యాహ్నం, మే నెల, కింద చౌకులో గొడుగుల కింద సీడీలమ్మేవాళ్ళ అరుపులు మేడెక్కి ఇక్కడిదాకా వస్తున్నాయి, చోప్డా కూలరు గాలి చోప్డాకే తగులుతోంది. ఎక్కడికెళ్ళినా నాకిచ్చే పని ఇదే, సంచీ చూసుకోవడం. స్టేషన్లో సూట్‌కేసులు, ఆస్పత్రిలో చెప్పులు, ఎగ్జిబిషన్లో అందరి స్వెట్టర్లు. ఇవాళ మాత్రం కొనేది నేనని, ఆ లోపలున్నది నాదని, ఇంకాసేపట్లో దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆర్.కె. పురం దాకా వెళ్తానని అనుకుంటే ఈ స్టూలు కూడా అంత గుచ్చుకోవడం లేదు.

శేషగిరి గారిని వెంటపెట్టుకు రావడం నాకిష్టం లేదు. మా క్వార్టర్లో పైఅంతస్తు ఆయనది, ఆఫీసులో ఎవరి కంప్యూటరు మొరాయించినా ఆయన్నే పిలుస్తారట, ఓసారి మా ఇంటికొచ్చి ఏదో నొక్కి ఇప్పుడు స్పీడు చూడండి వదినగారూ అన్నారు, కాఫీ చల్లారే దాకా చూశాం, స్పీడేం రాలేదు. ఆటోలో వస్తున్నంతసేపూ మా ఇద్దరి మధ్యా ఇరుక్కుని కూర్చుని పాఠం చెప్పారు. "వదినగారూ, లినక్సు అంటే రాకెట్లు వదిలేవాళ్ళకండీ, మనబోటి వాళ్ళకి కాదు" అన్నారు. "అయితే రాకెట్టే వదుల్దామండీ అన్నయ్యగారూ, ఇంట్లో కూర్చుని ఏం చేస్తాను" అన్నాను. ఆటోవాడికి తెలుగు రాకపోయినా అద్దంలోంచి నా మొహం చూసి నవ్వాడు, మా ఆయన నవ్వలేదు. లినక్సు నేనేం గాల్లోంచి తెచ్చిన కోరిక కాదే. నేను అనువాదాలు చేసే సంస్థ సాకేత్‌లో ఉంది, వాళ్ళు ఆఫీసంతా లినక్సుకి మారిపోయారు, మాకూ అందులోనే నేర్పారు, సోమవారం కొత్త పుస్తకం వస్తుంది, గర్భిణీల తిండి మీద, అది ఇందులోనే చేసి పంపాలి. ఇదంతా ఈయనకి ఎన్నిసార్లు చెప్పానో. చెప్పినప్పుడల్లా ఊఁ అన్నారు. ఈయన ఊఁ అనడం ఫైలు కిందికి తోసెయ్యడం లాంటిది, విన్నట్టూ కాదు, ఒప్పుకున్నట్టూ కాదు.

ఇంటికి మొదటి కంప్యూటర్ వచ్చింది ఈయన ఆఫీసులో ఇచ్చే కంప్యూటర్ అడ్వాన్సు మీద. మా అబ్బాయి దీపు చదువుకని రాసి తీసుకున్నారు. దీపు గదిలో పెట్టారు, తెరిచినప్పుడు దీపు ఫొటో, కింద దీపు పేరు. వాడు స్కూలుకెళ్ళాక నేను బట్టలారేసి వచ్చి కూర్చునేదాన్ని. అప్పటికి చేత్తో రాసి పంపేదాన్ని, కాగితాల కట్ట కొరియర్లో వెళ్ళేది, ఇక టైపు చేసి పంపితేనే తీసుకుంటాం అన్నారు వాళ్ళు. సర్లే అని తెలుగు టైపు నేర్చుకున్నాను, ఎవరూ నేర్పలేదు, మీటల బొమ్మ గోడకంటించుకుని, 'క్ష' ఎక్కడుందో ఒక పూటంతా వెతుక్కుని. వాడి కంప్యూటర్లో వాడి ఆటల పక్కన నాకో అర ఇచ్చాడు, దాని పేరు 'మమ్మీ'. వాడొచ్చే వేళకి లేవాలి. వాడి స్నేహితులొస్తే లేవాలి. లేచేటప్పుడు నేను కూర్చున్న గుర్తు కూడా ఉండకూడదు, లేకపోతే మమ్మీ, యే క్యా ఖోల్ రఖా హై, ఏం తెరిచిపెట్టావిది, అనేవాడు. పాలు పట్టే పుస్తకం చివరికొచ్చింది, తల్లి చన్ను నొప్పి పెడితే ఏం చెయ్యాలో రాస్తూ మా అమ్మ వాడిన మాటలే వాడాను, ఇంగ్లీషులో ఉన్న డాక్టరు భాష తీసేసి. ఆ మాటలు ఎన్నాళ్ళు వెతుక్కుంటే దొరికాయో. ఒక సాయంత్రం కూరలు తీసుకుని వచ్చేసరికి కంప్యూటరు తెర నీలంగా ఉంది, దాని మీద తెల్లటి అక్షరాలు, అడుగున పసుప్పచ్చ గీత మెల్లగా జరుగుతోంది. ఏం చేస్తున్నావురా అంటే ఫార్మాట్ మమ్మీ, వైరస్ ఆ గయా థా అన్నాడు, అంటే ఉన్నదంతా చెరిపేసి విండోస్ మళ్ళీ ఎక్కిస్తున్నాడు. నా పుస్తకమేదిరా అంటే నోరు తెరిచి, బ్యాకప్ నహీ లియా ఆప్‌నే? అన్నాడు. నేను తీసుకోవాలట. ఈయన టీవీ దగ్గర్నుంచి తల తిప్పకుండా, పోనీలే, మళ్ళీ టైపు చేసుకో, ఒకసారి చేసిందే కదా అన్నారు. ఒకసారి చేసిందే. ఆ మాట ఈయన ఫైలు గురించి ఎవరైనా అంటే ఈయనకెలా ఉంటుందో అడగాలని అప్పుడు తోచలేదు, ఇప్పుడు తోస్తోంది. ఎప్పుడూ ఇంతే, నాకు రావలసిన మాటలు నేను ఒక్కదాన్నే ఉన్నప్పుడు వస్తాయి.

మళ్ళీ చేశాను. రెండోసారి చేసినప్పుడు మొదటి మాటలన్నీ రాలేదు.

ఆ తర్వాత దీపుకి కొత్తది వచ్చింది, పాతది నాకొచ్చింది. అది ముసలిదైతే ఈయన ఆఫీసులో వేలం వేసిన దాన్ని తెచ్చారు, దానికి అంటించిన ప్రభుత్వం వారి స్టిక్కరు గోటితో గీకినా ఊడలేదు. పండగలకి చీరలు కొంటారు, కొనలేదనను. పనిముట్టు మాత్రం నాకెప్పుడూ ఎవరో వాడి వదిలేసిందే. పైగా దానిలో నా తెలుగు నాకే తెలుగు. అవతల ఇంకో కంప్యూటర్లో తెరిస్తే మామిడి టెంక మీద ముసిరిన ఈగల్లా ఉండేది. సాకేత్ ఆఫీసులో నేహా అని ఒక పిల్ల, ఘాజియాబాద్ నుంచి బస్సులు మారి వస్తుంది, తెలుగు ముక్క రాదు, నేను పంపింది నా దగ్గరున్న అక్షరాల మూట, అదే ఫాంటుతో సహా ఎక్కించుకుని అచ్చు తీసి, "ఆంటీ, వో జలేబీ జైసా అక్షర్ ఉల్టా తో నహీ ఛప్ గయా?" అని, ఆ జిలేబీ లాంటి అక్షరం తలకిందులుగా పడలేదు కదా అని, ఫోన్ చేసేది. ఏ జిలేబీ అమ్మా అంటే గాల్లో వేలితో చుట్టి చూపించేదట, ఫోన్లో నాకేం కనిపిస్తుంది. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. మొన్న చలికాలంలో కొత్త పద్ధతి నేర్పుతామని పిలిస్తే వెళ్ళాను, శాలువా కప్పుకుని కూర్చున్నాం నాలాంటి ఆడవాళ్ళం, ఒరియా ఆవిడ, తమిళావిడ, కన్నడావిడ. నేహా నా ముందున్న కంప్యూటర్లో ఏదో మార్చి, అబ్ దేఖియే ఆంటీ అంది. పైన వరసగా తెలుగులో రాసుంది. ఫైలు, సవరణ, సహాయం. రద్దుచేయి పక్కన సరే. నేను చాలాసేపు దేన్నీ ముట్టుకోలేదు. ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో ఏ వస్తువూ నాతో తెలుగులో మాట్లాడలేదు, గీజరు మీద ఇంగ్లీషు, మిక్సీ మీద ఇంగ్లీషు, బస్సు మీద హిందీ, కన్నకొడుకు నోట్లో హిందీ. ఎవరో కుర్రాళ్ళు తీరిక వేళల్లో ఊరికే కూర్చుని ఇదంతా తెలుగు చేశారట, కొన్నిచోట్ల ఒత్తు పక్కకి జరిగింది, ఒకచోట 'దర్శించు' అని ఉంటే గుళ్ళో పూజారి పిలిచినట్టుందని నవ్వొచ్చింది, ఇది నేనైతే 'చూడు' అని పెడతానని నేహాకి చెప్పాను. మీరు చెబితే వాళ్ళు మారుస్తారు ఆంటీ అంది. నేను చెబితే మారుస్తారు. ఆ మాట బస్సులో ఇంటిదాకా నాతో వచ్చింది.

విండోస్‌లో తెలుగు రాదా అంటారు శేషగిరి గారు. వస్తుందండీ, నాకూ తెలుసు. ఇంటికొచ్చి చూశాను కూడా. నేహా రాసిచ్చిన ప్రకారం ఒక్కొక్కటీ నొక్కుకుంటూ వెళితే, ఆఖర్న సీడీ పెట్టు అంది. ఏ సీడీరా దీపూ అంటే, విండోస్ సీడీ మమ్మీ, వో తో కిసీ దోస్త్ కే దోస్త్ కీ థీ అన్నాడు. స్నేహితుడి స్నేహితుడిది. అంటే దొంగది. మా ఇంట్లో ఎక్కిన ప్రతి విండోసూ అలా ఎక్కిందే, ఎవరికీ అది దొంగతనమనిపించలేదు, నాకూ మొన్నటిదాకా అనిపించలేదు, పక్కింటి కరివేపాకు కోసుకున్నట్టే. ఆ సీడీ వెతకమని అడిగితే వాడు ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నాడు. ఇప్పుడు జియా సరాయ్‌లో గది తీసుకుని ఇంజనీరింగ్ పై చదువు పరీక్షకి చదువుతున్నాడు, మా క్వార్టరుకి కూతవేటు దూరం, ఇంట్లో చదువు సాగదట, డిస్టర్బెన్సట. ఇంట్లో ఈయనుండరు, టీవీ సాయంత్రం దాకా పెట్టం, ఇక మిగిలిన డిస్టర్బెన్సు ఎవరో వాడు చెప్పలేదు, నేను అడగలేదు.

మెడ నొప్పెట్టి అటు తిరిగాను. అద్దం వెనక రావత్ కుర్చీ కాస్త పక్కకి జరుపుకున్నాడు, అతని భుజం మీదుగా తెర కనిపించింది. నీలం. తెల్లటి అక్షరాలు. అడుగున పసుప్పచ్చ గీత మెల్లగా జరుగుతోంది.

ఆ నీలాన్ని నేను మర్చిపోవడం జరగదు. కూరల సంచీ చేతిలో పట్టుకుని చూసిన నీలం అది. విండోస్ ఎక్కిస్తున్నారని వెంటనే అర్థమైంది, ఆ నవ్వులు కూడా అప్పుడే అర్థమయ్యాయి. సమఝ్‌దార్ మేడమ్. లినక్స్ ఉన్నది కొంటే విండోస్ ధర పడదు, ఇంటికెళ్ళాక దొంగ విండోస్ ఎక్కించుకోవచ్చు, అందుకనే అందరూ అది అడుగుతారు, నేనూ అందుకే అడిగానని చోప్డా అనుకున్నాడు. చోప్డా అనుకున్నాడంటే సరే, అతనికి నేనెవరు. శేషగిరి గారనుకున్నారు. పాతికేళ్ళకి పైగా నేను వండిన అన్నం తిని, నెలల తరబడి నా నోట లినక్సు అన్న మాట విని, ఊఁ అన్న మనిషి కూడా అలాగే అనుకున్నారు. నేనొకటి కావాలని అంటే అది నిజంగా అదే కావాలని అన్నానని ఈ ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు. సంచీ భుజాన వేసుకుని లేచి అద్దం తలుపు తోశాను. 'భయ్యా, రోకియే' అన్నాను, ఆపమని. రావత్ వెనక్కి తిరిగి నన్ను కాదు, నా వెనక ఎవరైనా సార్ ఉన్నారేమోనని చూశాడు.

సార్‌లు అప్పుడే మెట్లెక్కి వచ్చారు, మా ఆయన చేతిలో నాకోసం తెచ్చిన నీళ్ళ సీసా ఉంది, మూతికి ఉల్లిపాయ వాసన. "ఏమిటోయ్?" అన్నారు.

"ఇందులో ఏం ఎక్కిస్తున్నారు?"

"విండోస్. నేనే చెప్పాను ఎక్కించమని, కిందికి దిగేటప్పుడు. ఊరికేనేలే, దానికేం పుచ్చుకోడు."

"నన్నడిగారా?"

"అడిగేదేముంది ఇందులో? లినక్సుది కొన్నాం, బాగానే మిగిలింది. నీ ఐడియానే కదా."

"నా ఐడియా అది కాదండీ. లినక్సు వాడదామని లినక్సుది కొన్నాను."

శేషగిరి గారు గొంతు సవరించుకున్నారు. "ఢిల్లీలో లినక్సు కొని లినక్సే వాడేదెవరండీ వదినగారూ. లినక్సుదంటే విండోస్ డబ్బు మిగిలేదని వాడుక, అంతే. మీరింత సీరియస్‌గా..."

"సబ్ డల్‌వాతే హై మేడమ్" అన్నాడు చోప్డా బల్ల అవతల్నించి, నేను సొరకాయ చేదుందని వెనక్కి తెచ్చినట్టు ఓపిగ్గా. అందరూ ఎక్కించుకుంటారట. వంద మందిలో ఒక్కరూ వద్దనలేదట.

"అన్నపూర్ణా, అందరూ చూస్తున్నారు" అన్నారు ఈయన తగ్గు స్వరంతో.

"చూడనీండి. విజిలెన్స్‌లో ఉన్నప్పుడు ఆఫీసు కాగితాలు ఇంటికి పట్టుకెళ్ళాడని ఒక గుమాస్తాకి మెమో ఇచ్చారు గుర్తుందా? పిల్లాడి హోంవర్కుకి పట్టుకెళ్ళాడు పాపం. ఇది మాత్రం దొంగది ఊరికే ఎక్కించుకోవచ్చా?"

శేషగిరి గారు హఠాత్తుగా గోడకున్న మౌసుల ధరలు చదవడం మొదలుపెట్టారు. ఈయన మెడ ఎర్రబడింది. "పాడైతే ఎవరు చూస్తారు? నీకొచ్చా, నాకొచ్చా? దీపు వస్తే వాడికేం పనికొస్తుంది అది? నా షేర్లు చూసుకోవద్దూ? ఇంట్లో అందరం వాడుకునేది..." అని ఆగారు. ఆగింది తప్పు మాట అన్నానని కాదు, ఇక చెప్పేదేముంది అన్నట్టు ఆగారు. నేను చోప్డాతో, మాది మాకు పెట్టివ్వండి, ఎలా వచ్చిందో అలా, అన్నాను. పెట్టెలో సీడీ ఉంది గానీ టైమ్ పడుతుంది మేడమ్ అన్నాడు. పడనీండి, కూర్చుంటాను, అన్నాను. కూర్చున్నాను. ఈసారి స్టూలు అద్దాల గదిలోకి లాక్కుని రావత్ పక్కనే.

అందరం వాడుకునేది. మా ఇంట్లో నాదంటూ ఏమీ లేదని ఎవరూ అనలేరు, నా బీరువా ఉంది, అందులో ఈయన ఊలు సూట్లున్నాయి, నా సొరుగుంది, అందులో కరెంటు బిల్లులూ స్కూటరు తాళాలూ ఉన్నాయి, నా సెల్‌ఫోన్లో ఈయన ఆఫీసు డ్రైవర్ల నంబర్లున్నాయి, నా హ్యాండ్‌బ్యాగులో ఇప్పుడు కూడా ఈయన కళ్ళజోడు పెట్టె ఉంది. ఈయన బ్రీఫ్‌కేసులో నావేవీ ఉండవు. దీపు గదిలోకి తలుపు కొట్టి వెళ్ళాలి, నా గది వంటగదికి తలుపే లేదు. దీన్ని పోట్లాట అంటారేమో, నేను దేనికోసం పోట్లాడుతున్నానని ఎవరైనా అడిగితే ఒక ఇనప్పెట్టెలో ఏ సాఫ్ట్‌వేరుండాలో దానికోసమని చెప్పాలి, చెబితే నవ్వుతారు, శేషగిరి గారి భార్యకి రేపటికే తెలుస్తుంది, ఎల్లుండి లిఫ్టులో లినక్సాంటీ అంటారు. అనుకోనీ. ఫోన్ మోగింది, దీపు, ఈయనే మెసేజ్ పెట్టి ఉంటారు. "మమ్మీ, లినక్స్ పే కుఛ్ నహీ చల్తా యార్" అన్నాడు, అందులో ఏదీ నడవదట. నాది నడుస్తుందిరా అన్నాను. "మై ఆవూంగా తో క్యా కరూంగా?" అన్నాడు, నేనొస్తే ఏం చేసుకోవాలి దానితో. "భోంచెయ్యి, నాన్నా. గోంగూర పప్పు చేస్తాను" అన్నాను. వాడు నవ్వాడు, ఆ నవ్వుకి నా కోపం కొంచెం మెత్తబడబోయింది, మెత్తబడనివ్వలేదు. నా కోపానికి ఇంట్లో ఇంతకాలం జరిగింది అదే, ఎవరో ఒకరు నవ్వుతారు, నేను పొయ్యి వెలిగిస్తాను.

రావత్ సీడీ పెట్టాడు. భాషల పట్టీ వచ్చింది, అతను చూడకుండానే ఇంగ్లీషు మీద వేలు పెట్టబోతుంటే 'నీచే జాయియే' అన్నాను. కిందికి వెళ్ళాడు. ఇంకా కిందికి. పంజాబీ పోయింది, తమిళం పోయింది. 'యే' అన్నాను. అతను భుజాలెగరేసి నొక్కాడు. తెర తెలుగులోకి తిరిగింది. రావత్ కళ్ళజోడు నెత్తి మీంచి ముక్కు మీదికి దించుకుని దగ్గరికి వంగి చూశాడు, వెనక్కి వాలి చూశాడు, చోప్డా వచ్చి చూశాడు. 'యే క్యా లిఖా హై?', ఇదేం రాసుంది, అన్నారు ఇద్దరూ ఒకేసారి. రావత్ నా మొహం చూసి కుర్చీ వదిలి లేచాడు. నేను అందులో కూర్చున్నాను. అది కూడా గుండ్రంగా తిరుగుతుంది.

మీరు ఏ ఊళ్ళో ఉన్నారు అని తెర అడిగింది. ఢిల్లీ లేదు, కోల్‌కతా ఉంది, అది చాలన్నాడు రావత్ పక్కన నిలబడి, గడియారం ఒకటేనట. మీటలు ఎలాంటివి అని అడిగింది. డిస్కు మొత్తం చెరిపివేయమంటారా అని అడిగింది. సగం ఎక్కిన ఆ దొంగ విండోస్ ఎక్కడుందో నాకు కనబడదు గానీ ఇప్పుడు చెరిపేది నేను, అడిగి మరీ చెరిపిస్తోంది. ముందుకు అని ఉన్నచోట నొక్కాను. కొన్ని తెరల్లో సగం ఇంగ్లీషే, అనువదించే కుర్రాళ్ళకి తీరిక సరిపోలేదు కాబోలు. 'విభజన' అన్నదానికి నేనైతే 'వాటా' అని పెట్టేదాన్ని. పెడతాను కూడా, నేహానడిగి ఆ కుర్రాళ్ళ చిరునామా కనుక్కుని రాస్తాను. మా ఆయన వచ్చి నా వెనక నిలబడ్డారు. నీళ్ళ సీసా బల్ల మీద పెట్టారు, నేను తాగలేదు, దాహం వేస్తున్నా తాగలేదు.

మీరు ఎవరు? అని ఉంది.

పైన అంతే, పెద్దక్షరాల్లో. కింద మీ పేరేమిటి అని ఒక గడి. రావత్ అలవాటు కొద్దీ ఈయన వైపు తిరిగి 'సర్, నామ్?' అన్నాడు. ఆ గడి దేనికో అతనికి చదవడం రాకపోయినా తెలుసు. ఈయన నోరు తెరిచారు. రేషన్ కార్డు మీదా, సీజీహెచ్ఎస్ వైద్యం కార్డు మీదా, క్వార్టరు తలుపు మీదా ఈయన చెప్పబోయే పేరే ఉంది, వీరరాఘవులు, నేను కింద ఎక్కడో భార్య అన్నచోట ఉన్నాను, చెప్పడం ఈయనకి ఊపిరి తీసుకున్నంత తేలిక. వీర అన్నారు కూడా. నేను తల తిప్పి చూశాను. మిగతాది చెప్పలేదు. నేను అన్నపూర్ణేశ్వరి అని కొట్టాను, పూర్తిగా, పెళ్ళయ్యాక ఎవరూ అంత పొడుగ్గా పిలవలేదు, ణకి ఏత్వం పడాల్సిన చోట పడింది, శకి వ కింద సరిగ్గా కూర్చుంది. శేషగిరి గారు గుమ్మంలోంచి పైకి చదివి, భలే పడిందండీ అక్షరం అన్నారు, ఎగతాళి కాదు, నిజంగానే అన్నారు.

తర్వాతి గడి రహస్యపదం. రెండుసార్లు కొట్టమంటుంది. చేతులు మీటల మీద పెట్టాను. వెనక ఈయన ఇంకా వంగే ఉన్నారు, చెయ్యి కుర్చీ వీపు మీద ఆనించి, ఊపిరి నా చెవికి తగులుతోంది, చూపు నా వేళ్ళ మీద ఉంది. దురుద్దేశమేం లేదు ఆ చూపులో, నాకు తెలుసు, పాలపొంగు చూస్తున్నట్టు ఊరికే చూస్తున్నారు, మా మధ్య దాచుకునేదేముంటుందని చూస్తున్నారు, ఎప్పుడో అవసరపడుతుందని చూస్తున్నారు. నేను చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. "ఏం, కొట్టవేం?" అన్నారు. రావత్ మర్యాదగా కిందికి చూస్తున్నాడు, ఇలాంటప్పుడు పక్కకి చూడాలని అతనికి ఎవరూ చెప్పకుండానే తెలుసు. కర్సరు ఖాళీ గడిలో ఆరి వెలుగుతోంది. "మనకి మనకి ఏమిటోయ్" అన్నారు ఈయన ఇంకా తగ్గి. తెర మీద చీకటి మూలలో ఆయన మొహం కనిపిస్తోంది నాకు, ముందు విసుగు, తర్వాత నవ్వబోయి ఆపుకోవడం, తర్వాత ఏదో మొదటిసారి చదువుతున్నట్టు కనుబొమలు ముడిపడటం. కూలరు ఆగి మళ్ళీ మొదలైంది. ఎంతసేపైనా సరే, ఇంకో గంటైనా సరే అనుకుని కూర్చున్నాను. కుర్చీ వీపు మీద బరువు తేలికైంది. ఆయన నిటారుగా నిలబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీనట్టు వెనక్కి కట్టుకుని, చోప్డా కొట్టు గోడ వైపు తిరిగారు.

అప్పుడు కొట్టాను.